చిన్నబిడ్డలకు ఏ కథల పుస్తకము చదివి వినిపింతుము?



ఆదివారము సాయంకాలములందు మా మందిరపు వసారాలో చిన్నబిడ్డలను కూర్చుండబెట్టి కథలు చదివి వినిపించుట కొన్ని సంవత్సరములుగా జరుగుచున్నది. ఆరేండ్లవారు మొదలు పదేండ్లవారి వరకు ఇరువదిమందికి తక్కువ కాకుండ వత్తురు. అక్కల చంకనెక్కి వచ్చువారిని మేము లెక్కింపము. ఇంటిలో చదువుటకు ఏ పుస్తకము కొనవలెనని అనేకులు మమ్మును అడుగుచున్నారు. జవాబు చెప్పుటకు ముందు మేము చేసిన తప్పు ఒకటి చెప్పుకొనవలసియున్నది.

ఒక సాయంకాలము జర్మనీ దేశస్థులైన గ్రిమ్ సోదరుల కథలలోనుండి హాన్సెల్, గ్రెటెల్ అను అన్నాచెల్లెండ్ర కథ చదివితిమి. కరవుకాలమున తిండి చాలక, కట్టెలు కొట్టువాని భార్య బిడ్డలిద్దరిని అడవిలో విడిచి రమ్మని మగని పోరుపెట్టును. మా చేతిలోని పుస్తకములో ఆమె సవతితల్లి. ఆ మాట వచ్చినచోటనెల్ల మేము గొంతు మార్చి కటువుగా చదివితిమి. పిల్లలు కండ్లు పెద్దవి చేసికొని వినుచుండగా మాకు సంతోషమాయెను. ముందు వరుసలో ఒక పిల్ల మాత్రము తల వంచుకొని చాప అంచు గిల్లుచుండెను. ఆ పిల్ల తల్లి చనిపోయినది. తండ్రి రెండేండ్ల క్రిందట మరల వివాహము చేసికొనెను. ఆ పిన్ని గోడ అవతల కుళాయివద్ద బిందె నింపుకొనుచు కథంతయు వినుచున్నదని మేమెరుగము.

మరునాడు ఆమె వచ్చి మా గుమ్మమునొద్ద నిలువబడెను. “అయ్యగారూ, ఆ మాట పుస్తకంలోనే ఉందాండీ, తమరే కలిపి చెప్పారా?” అని అడిగెను. పుస్తకములోనే ఉన్నదంటిమి. “పుస్తకంలోనే ఉంటే మేమేం అంటాం లెండి. రాత్రి పిల్ల నా చేతి ముద్ద తినలేదు” అని చెప్పి వెళ్లిపోయెను.

మేము చెప్పిన జవాబు నిజమే గాని అది మాకే సరిపడలేదు. ఆ పుస్తకము ఎట్లు పుట్టెనో వెదకి చూచితిమి. యాకోబ్, విల్‌హెల్మ్ అను ఆ అన్నదమ్ములు మొదటి సంపుటమును 1812లో, రెండవదానిని 1815లో ప్రచురించిరి. వారు పండితులు, కథలను స్వయముగా కల్పించినవారు కారు, విని వ్రాసికొనినవారు. వారికి కథలు చెప్పినవారిలో డొరోతియా ఫీమన్ అను దర్జీవాని భార్య యుండెను. తోటపంట అమ్ముకొనుటకు కాసెల్ పట్టణమునకు వచ్చునప్పుడు ఆమె వారి యింట కథలు చెప్పెడిది. ఎన్ని మారులు చెప్పినను మాట మారనిచ్చెడిది కాదనియు, పొరపాటు దొర్లిన యెడల తానే దిద్దుకొనెడిదనియు ఆ సోదరులే వ్రాసిరి. మన నాయనమ్మలలో అట్టివారు లేరా?

అయితే అచ్చులో కథలు మారకపోలేదు. విల్‌హెల్మ్ కూర్పు కూర్పునకు వాటిని దిద్దుచు వచ్చెను. 1812 కూర్పులో బిడ్డలను అడవికి పంపుమన్నది సవతితల్లి కాదు, కన్నతల్లియే! 1840 కూర్పులో ఆమె సవతితల్లి ఆయెను. హిమశ్వేత కథలోని దుష్టరాణియు మొదట కన్నతల్లియే. 1819లో ఆమెను మార్చిరి. కన్నతల్లి పేరునకు మచ్చ రాకుండుటకే ఇట్లు చేసిరని పండితులు తలంచుచున్నారు. ఆ మచ్చ పోయి ఎవరిమీద పడెనో మా గుమ్మమున నిలిచిన స్త్రీని చూచినప్పుడు మాకు తెలిసెను. పిల్లలు కసాయివాని ఆట ఆడుకొని ఒకని చంపు కథ యొకటి 1812లో ఉండగా 1819లో దానిని పూర్తిగా తీసివేసిరి. కథలు కూర్చినవారే ఏరి, తీసి, మార్చిరి గనుక చదివి వినిపించు మనకును ఏరుకొను బాధ్యత ఉన్నది. పుస్తకము కొనుట ఒక పని, అందులో ఏ కథ ఎవరియెదుట చదువవలెనో నిశ్చయించుట మరియొక పని. మేము మొదటిదానితో ఆగిపోతిమి.

1857లో వెలువడిన కడపటి కూర్పులో 200కు పైగా కథలున్నవి. అవన్నియు చిన్నబిడ్డలకు కావలెనా? ఆ సోదరులే 1825లో 50 కథలు మాత్రము ఏరి చిన్న పుస్తకముగా అచ్చువేసిరి. కాబట్టి “సంపూర్ణము” అను మాట చూచి మోసపోకుడి. పెద్ద కూర్పులో ఒక యూదుని ముండ్లపొదలో గంతులు వేయించి, చివరకు ఉరితీయించి, విన్నవారిని నవ్వించుటకు చెప్పిన కథ యొకటి యున్నది. పుట్టుకనుబట్టి మనుష్యుని ఆడించి నవ్వుట అది. మన పల్లెలలో అట్టి నవ్వు ఎవరిమీద పడెడిదో మీకు మేము చెప్పనక్కరలేదు. ఆ కథను మేము ఏ బిడ్డకును చదువము.

మన సంఘపెద్ద యొకరు, “నక్కలూ కాకులూ మాట్లాడటం అబద్ధం కదండీ, బైబిలు కథలుండగా ఇవెందుకు?” అని అడిగిరి. మంచి ప్రశ్నయే. గెరిజీము కొండమీద యోతాము చెప్పిన కథలో ఒలీవచెట్టు, అంజూరపుచెట్టు, ద్రాక్షావల్లి, ముండ్లపొద మాటలాడినవి (న్యాయాధిపతులు 9). అబద్ధమని దానినెవరును త్రోసివేయలేదు. నాతాను దావీదునొద్దకు పోయి పేదవాని గొఱ్ఱెపిల్ల కథ చెప్పెను (2 సమూయేలు 12). వినువాడెవడో, వాని మనస్సు ఎక్కడ తగులునో ఎరిగి నాతాను కథను ఎంచుకొనెను. మేము వినువారిని ఎరిగియుండియు మరచితిమి.

ఇక మన యింటి సొత్తైన పంచతంత్రము సంగతి. మందబుద్ధులైన ముగ్గురు రాజకుమారులకు విష్ణుశర్మ ఆరు నెలలలో నీతి నేర్పినట్లు చెప్పు గ్రంథమిది. ఆరవ శతాబ్దమున పారసీక దేశమునకు పోయి, ఎనిమిదవ శతాబ్దమున అరబ్బీలోనికి మారి, అక్కడనుండి ఐరోపా అంతట వ్యాపించెను. తెలుగులో పరవస్తు చిన్నయసూరిగారు 1853లో ప్రచురించిన నీతిచంద్రికలో మిత్రలాభము, మిత్రభేదము ఉన్నవి. ఆ వచనము గంభీరమైనది. కాని ఆరేండ్ల బిడ్డకు చదువ మొదలుపెట్టిన మా నాలుక మూడవ వాక్యముననే తడబడినది. పిల్లలకు వాడుకమాటలలో తిరిగి చెప్పిన పుస్తకమే తీసికొనుడి. ఇచ్చట “నీతి” యనగా రాజనీతి యని మరువకుడి. మిత్రభేదములో నక్క చాడీలు చెప్పి సింహముచేత ఎద్దును చంపించును, తాను సుఖముగానే యుండును. పదేండ్లు దాటిన పిల్లలు దానిమీద చక్కగా వాదింతురు. ఆరేండ్లవాడు నక్క గెలిచెనని మాత్రమే గ్రహించును. చిన్నవారికి మిత్రలాభములోని పావురముల కథ చాలును. పావురములన్నియు ఒక్కుమ్మడిగా వలతో ఎగిరిపోవును. ఎలుక త్రాళ్లు కొరుకవచ్చినప్పుడు పావురముల రాజు మొదట తన తోడివారిని విడిపించుమనును. ఈ చోట మా పిల్లలు ప్రతిమారును నిశ్శబ్దముగా వినుచున్నారు.

డెన్మార్కు దేశపు ఆండర్సన్‌గారు చెప్పులు కుట్టువాని కుమారుడు. తల్లి బట్టలుతికి బ్రదికినది. 1835లో వెలువడిన ఆయన మొదటి చిన్న పుస్తకములో నాలుగే కథలున్నవి. మాటలాడునట్లు వ్రాసెనని ఆనాటి విమర్శకులు తప్పుపట్టిరి. పైకి చదువువారికి ఆ తప్పే మేలాయెను. 1845 నాటి అగ్గిపుల్లల పిల్ల కథ మాత్రము పండుగ రాత్రి చదువకుడి. మేము చదివితిమి. “ఎవరూ తలుపు తియ్యలేదా అండీ?” అని ఒక బాలుడు అడిగెను. మావద్ద జవాబు లేదు.

అంగడిలో పుస్తకము చేతికి వచ్చినప్పుడు బొమ్మలు తరువాత చూడుడి. మధ్యలో ఒక పుట తెరచి, సిగ్గుపడక, పెదవులు కదలించి చదువుడి. ఊపిరి తీసికొనుటకు చోటు దొరకనియెడల అది చెవికొరకు వ్రాసినది కాదు. కథ చివర నీతి వేరుగా అచ్చువేసియుండిన దానిని చదువక విడువుడి, పిల్లలే అడుగుదురు. ఫోనులో కథలు దొరకుచున్నవి గదా యందురేమో. బిడ్డ తల వంచుకొనినప్పుడు ఆ ఫోను ఆగదు. (ఆనాడు మేమును ఆగలేదు, నిజమే.) చదువురాని తల్లులు బడికిపోవు పెద్దబిడ్డచేత చదివించుకొని, చిన్నవానిని ఒడిలో పెట్టుకొని వినవచ్చును.

మేము ఆమె యింటికి పోయి క్షమాపణ చెప్పి, 1812 నాటి సంగతి వివరించితిమి. ఆమె కొంతసేపు ఆలోచించి, “అయితే కన్నతల్లే పంపిందా? కరువు మరి” అనెను. ఆ పిల్ల కొన్ని వారములు వసారాకు రాలేదు. మొన్నటి ఆదివారము వచ్చి, మేము పావురముల కథ తీయగా, “అది కాదండీ, అడవి కథ” అని పట్టుపట్టెను. సందేహించుచునే తెరచి, ఈ మారు “తల్లి” అని చదివితిమి. పిల్ల వెంటనే లేచి, “సవతితల్లి అని కదండీ ఉంది” అని దిద్దెను. గోడ అవతల కుళాయి కట్టివేసిన చప్పుడును, వెంటనే ఒక నవ్వును వినబడెను. పిల్ల అటు తిరిగి, “పిన్నీ, ఉండు, అయిపోలేదు” అని కేకవేసి మరల చాపమీద కూర్చుండెను.