పట్టుపోగు చెప్పు పాఠము

విద్యార్థులారా! మన యిండ్లలో పెండ్లి నిశ్చయమైన వెంటనే పెద్దలు తలచుకొనునది పట్టుచీర. దుకాణమున దాని అంచును, జరీని, నేతను పరీక్షింతురు, వెల యడుగుదురు, బేరమాడుదురు. కాని ఆ చీర ఎవరెవరి చేతుల మీదుగా అచ్చటికి వచ్చినదని విచారించువారు అరుదు. చిక్కబళ్ళాపురము, శిడ్లఘట్ట, చింతామణి ప్రాంతములవారమైన మనకు ఆ ప్రశ్న వేయు హక్కును, దానికి సమాధానము తెలిసికొను అవకాశమును ఇతరులకంటె హెచ్చుగా కలవు. ఏలయన, ఆ చీర ప్రయాణము మన పొలములలోనే మొదలగును.

ఒక సరుకు ముడిపదార్థముగా బయలుదేరి, పలువురి చేతులు మారి, కొనువానిని చేరువరకు గల వరుసను సరఫరా గొలుసు అందురు. నేడు ఈ గొలుసులు దేశముల ఎల్లలు దాటి లోకమంతటను వ్యాపించినవి. ఒకచోట పండిన ప్రత్తి వేరొకచోట నూలగును. ఇంకొక దేశమున చొక్కా యగును. మరియొక ఖండమున అమ్ముడుపోవును. కొనువాడు సరుకును చూచును గాని దానిని చేసినవానిని చూడడు. ఆ చూడకపోవుట వలన కలుగు అనర్థములను, వానిని తొలగించు మార్గములను తెలిసికొనుటయే ఈ పాఠము ఉద్దేశము.

గూటి నుండి చీర వరకు

మైసూరు రాజ్యమున పట్టు పరిశ్రమ పదునెనిమిదవ శతాబ్దము చివర టిప్పు సుల్తాను ప్రోత్సాహముచే వ్యాపించెను. స్వాతంత్ర్యానంతరము 1949లో కేంద్ర పట్టు మండలి ఏర్పడెను. నేడు మన జిల్లాలో వేలాది కుటుంబములకు ఇదియే జీవనాధారము. కన్నడమున రేష్మె యన్నను, తెలుగున పట్టు అన్నను, దాని వెనుక నున్న శ్రమ ఒక్కటియే.

రైతు మల్బరీ తోట పెంచును. ఆ యాకు మేసి పట్టుపురుగు ఇంచుమించు 25 దినములలో నాలుగు మారులు పొర విడిచి, పిదప చంద్రిక మీద గూడు అల్లుకొనును. ఒక్క గూటియందలి పోగు, పురుగు జాతిని బట్టి, 600 మీటర్లు మొదలు 1,000 మీటర్లకు పైబడి యుండును. గూళ్ళు శిడ్లఘట్టలోని ప్రభుత్వ మార్కెట్టున వేలము పాడబడును. వానిని కొన్న రీలరు మరుగునీట ఉడికించి పోగు తీయించును. ఒక కిలో పట్టునూలునకు సుమారు 6 నుండి 8 కిలోల గూళ్ళు కావలయును. ఆ నూలునకు పురి పెట్టుదురు; రంగు అద్దుదురు; ధర్మవరమునందో, కంచియందో మగ్గము నెక్కింతురు. తుదకది నగరపు దుకాణమును, ఒక్కొక్కప్పుడు సముద్రముల కావలి దేశములను చేరును.

వెలలో చేరని ఖర్చులు

చీరకు కట్టిన వెలచీటిలో కూలి, నూలు, జరీ, వర్తకుని లాభము చేరియుండును. చేరనివి కొన్ని కలవు.

మొదటిది బాల్యము. కర్ణాటకమున పట్టు తీయు కార్ఖానాలలో పిల్లలు పనిచేయుచుండిరని హ్యూమన్ రైట్స్ వాచ్ అను అంతర్జాతీయ సంస్థ 1996లోను, మరల 2003లోను ప్రకటించిన నివేదికలు లోకమునకు తెలిపెను. తల్లిదండ్రులు యజమాని యొద్ద ముందుగా అప్పు పుచ్చుకొనుట, అది తీరువరకు బిడ్డ పనిలో నుండుట అప్పటి పద్ధతి. పోగు కొసను వెదకుటకు పిల్లలు మరుగునీట వ్రేళ్ళు ముంచవలసి వచ్చెడిది. చేతులు బొబ్బలెక్కి పుండ్లు పడెడివి. వెట్టిచాకిరిని నిషేధించు చట్టము 1976లోనే వచ్చినది. 1986 నాటి బాలకార్మిక చట్టమును 2016లో సవరించి, 14 ఏండ్లలోపు పిల్లలను ఏ పనియందును నియోగింపరాదని, 18 ఏండ్లలోపు వారిని అపాయకరమైన పనులలో పెట్టరాదని శాసించిరి. బడివేళలు ముగిసిన పిదప అపాయము లేని కుటుంబపు పనిలో సాయపడుటకు మాత్రము చట్టము సమ్మతించును. ఈ భేదమును తల్లిదండ్రులు చక్కగా గుర్తింపవలయును.

రెండవది నీరు. మన జిల్లాలో ఏడాది పొడవున పారు నది లేదు. చిత్రావతి ఇచ్చటనే పుట్టి బాగేపల్లి మీదుగా ఆంధ్రదేశమునకు పోవును గాని, వానలున్నప్పుడే దానికి ప్రాణము. మల్బరీ తోటలకు నీరిచ్చునది బోరుబావి. గూళ్ళు ఉడికించుటకును నీరే కావలయును. ఉడికించిన నీరు జిగురుతోడను, చచ్చిన పురుగుల కుళ్ళుతోడను కాలువలలో పడిన దుర్గంధము వ్యాపించును. పొయ్యికి వంటచెరకు కావలయును. పొగను పీల్చువాడు కార్మికుడు. ఈ నష్టములేవియు చీర వెలలో లేవు. అవి ఎవరో ఒకరి దేహముపైనను, భూమిపైనను పడినవి.

దూరదేశముల అనుభవములు

బంగ్లాదేశ్ రాజధానియగు ఢాకా సమీపమున 2013 ఏప్రిల్ 24న రాణా ప్లాజా అను ఎనిమిది అంతస్తుల భవనము కూలెను. ముందటి దినముననే గోడలు బీటలు వారినను, కుట్టుపనివారిని లోనికి రప్పించిరి. 1,100 మందికి పైగా మరణించిరి. వారు కుట్టిన బట్టలు ఐరోపా, అమెరికా దేశముల అంగళ్ళలో అమ్ముడుపోవునట్టివి. అటుపిమ్మట బట్టల కంపెనీలును, కార్మిక సంఘములును కలిసి భవనముల భద్రతను తనిఖీ చేయు ఒడంబడికకు వచ్చిరి. ఫ్రాన్సు 2017లోను, జర్మనీ 2021లోను, పెద్ద కంపెనీలు తమ సరుకు పుట్టిన చోట జరుగు అన్యాయములను గూర్చి జాగ్రత్త వహింపవలెనని చట్టములు చేసెను.

అయితే దూరమున నున్నవాని ఆగ్రహము మాత్రమే చాలదు. 1992లో అమెరికా శాసనసభలో, పిల్లలు చేసిన సరుకుల దిగుమతిని నిషేధింపవలెనని ఒక బిల్లు ప్రవేశపెట్టబడెను. అది చట్టము కాకమునుపే బంగ్లాదేశ్ కార్ఖానాదారులు భయపడి పిల్లలను పనినుండి తొలగించిరి. అట్లు తొలగింపబడినవారు సుమారు 50,000 మంది యని యూనిసెఫ్ 1997 నివేదిక తెలిపెను. వారిలో పెక్కురు బడికి పోలేదు. రాళ్ళు కొట్టుట వంటి అంతకంటె కఠినమైన పనులలో చేరిరి. 1995లో యూనిసెఫ్, అంతర్జాతీయ కార్మిక సంస్థ, వస్త్రోత్పత్తిదారుల సంఘము ఒప్పందము చేసికొని, పిల్లలకు బడులు తెరచి, భృతి నిచ్చిన పిదపనే కొంత మేలు జరిగెను. బిడ్డను పని మాన్పించుట సగము ధర్మము. బడిలో నిలుపుట తక్కిన సగము.

మన వాకిటి ఉదాహరణములు

కోల్డ్‌ప్లే అను బ్రిటిష్ సంగీత బృందము 2002లో వెలువరించిన పాటల సంపుటి తయారీవలన గాలిలో చేరిన కర్బనమునకు పరిహారముగా కర్ణాటకమున 10,000 మామిడి మొక్కలు నాటింప నెంచిరి. వానిలో కొన్ని మన గుడిబండ ప్రాంతపు రైతులకు చేరెను. 2006లో ఒక బ్రిటిష్ పత్రిక విచారింపగా, నీరు చాలక పెక్కు మొక్కలు ఎండిపోయినవని తెలియవచ్చెను. ఉద్దేశము మంచిదే. కాని మొక్కకు నీరెవరు పోయుదురు, ఆ నీరెచ్చటిది అను ప్రశ్న ముందుగా తీరలేదు.

దీనికి ప్రక్కగా బాగేపల్లిని చూడుడు. అచ్చటి కూలీ సంఘము సభ్యుల ఇండ్లలో 5,500 గోబరు గ్యాసు పొయ్యిలు కట్టు పథకము 2005లో ఐక్యరాజ్యసమితి పద్ధతి క్రింద నమోదయ్యెను. కట్టెలు, కిరసనాయిలు తగ్గుటవలన కలుగు మేలునకు విదేశముల నుండి ధనము వచ్చు ఏర్పాటది. పొయ్యి వాడు స్త్రీలును, దానిని కాపాడు సంఘమును ఆ యూరివారే. పై రెండింటిని పోల్చిచూచిన ఒక సూత్రము తేటపడును: బరువు మోయువానిని అడిగి చేసిన మేలు నిలుచును, అడుగక చేసినది వాడిపోవును.

ఎవరి కర్తవ్యమేమి?

రైతు బిందుసేద్యముచే నీటిని పొదుపు చేయవచ్చును. రీలరు మురుగునీటిని గుంటలో తేర్చి విడువవచ్చును. పొగ వెలుపలికి పోవు గొట్టము నమర్పవచ్చును. చచ్చిన పురుగులను పారవేయక కోళ్ళమేత తయారీకి అమ్మవచ్చును. కాని వీనికి ఖర్చగును. పైనున్న వర్తకుడు శుభ్రతను కోరి, వెలను మాత్రము పూర్వమువలెనే ఇచ్చినచో, రీలరు ఆ ఖర్చును కార్మికుని కూలిలో తగ్గించును. అప్పుడు ఒక అన్యాయము తీర్చబోయి మరియొకదానిని తెచ్చుకొన్నట్లగును. కావున బాధ్యతతోపాటు వెలలో భాగమును గొలుసు పొడవునను పంచుకొనవలయును. ఇదియే ఈ విషయమున కీలకము.

తల్లిదండ్రులకు ఒక మనవి. గూళ్ళు దిగు దినములలో ఇంట చేతులు చాలవని మాకు తెలియును. ఐనను పదవ తరగతి బిడ్డ నాలుగు దినములు బడి మానినచో, ఆ పాఠము మరల దొరకుట కష్టము. అందునను మన పిల్లలు ఇంట తెలుగు, వీథిని కన్నడము, పై చదువులలో ఇంగ్లీషు మోయవలసినవారు. వారికి ప్రతి దినమును విలువైనది. అప్పు అవసరమైనప్పుడు బిడ్డ చాకిరి పూచీగా గల బదులు పుచ్చుకొనకుడు. సహకార సంఘమునో, స్వయంసహాయక సంఘమునో ఆశ్రయింపుడు.

విద్యార్థులారా! మీలో కొందరు రైతులగుదురు, కొందరు రీలర్లు, వర్తకులు, అధికారులు అగుదురు, అందరును కొనువారగుదురు. ఏ స్థానమున నున్నను మీకు ముందు నున్న చేతిని, వెనుక నున్న చేతిని ఎరిగి మెలగుడు.

అభ్యాసము

1. మీ యింట వాడు ఒక వస్తువును తీసికొని, అది పుట్టినచోటు మొదలు మీ యిల్లు చేరువరకు ఎవరి చేతులు మారినదో వరుసగా వ్రాయుడు.

2. మీ యూరిలో పట్టుపని చేయువారిని అడిగి, కూలి, నీరు, పొగ అను మూడింటిని గూర్చి వారి మాటలలోనే పది పంక్తులు వ్రాయుడు.

3. పిల్లలు చేసిన సరుకును కొనకుండుట ఒక్కటియే చాలునా? బంగ్లాదేశ్ అనుభవమును ఆధారముగా గొని చర్చింపుడు.