కండరాలలో దాగిన బద్దెపురుగు

పందిమాంసం ముట్టనివారికి బద్దెపురుగు భయం లేదని మనలో పెక్కుమంది విశ్వాసం. అందులో సగమే సత్యం. మిగిలిన సగం తెలియకపోవడమే ప్రమాదకరం.

టీనియా సోలియం అనే బద్దెపురుగు మానవుని చిన్నపేగులో నివసిస్తుంది. దాని పొడవు సాధారణంగా 2 నుండి 7 మీటర్లు. దాని గుడ్లు మలంతో వెలువడతాయి. వాటిని పంది తిన్నప్పుడు, ఆరు కొక్కేలు గల సూక్ష్మపిండాలు బయటపడి, పేగుగోడను తొలుచుకొని, రక్తం ద్వారా కండరాలను చేరుతాయి. అక్కడ ఒక్కొక్కటి ద్రవంతో నిండిన చిన్న కోశంగా మారుతుంది. ఈ డింభకమే సిస్టిసెర్కస్. సరిగా ఉడకని ఆ మాంసాన్ని తిన్న మానవుని పేగులో అది తిరిగి బద్దెపురుగు అవుతుంది. 1855లో జర్మన్ వైద్యుడు కూకెన్‌మైస్టర్ మరణశిక్ష పడిన ఒక ఖైదీకి ఈ కోశాలను తినిపించి, శిక్ష అమలైన పిదప అతని పేగులో చిన్న పురుగులను కనుగొన్నాడు. సత్యం తేలినది గాని, ఆ పద్ధతిని నేటి వైద్యనీతి అంగీకరించదు.

ఇక అసలు విషయం. కోశాలకు బదులు గుడ్లే మానవుని కడుపులోకి పోతే, పందికి జరిగినదే అతనికీ జరుగుతుంది. కండరాలలో, చర్మం క్రింద, కంటిలో, మెదడులో కోశాలు ఏర్పడతాయి. ఈ వ్యాధి పేరు సిస్టిసెర్కోసిస్. కండరాలలోని కోశాలు తరచు ఏ బాధా కలిగించవు. అవి మరణించి సున్నం పేరుకొన్న తరువాత, ఎక్స్-రే చిత్రంలో బియ్యపు గింజల వలె కనిపిస్తాయి. బహు అరుదుగా కోశాలు అసంఖ్యాకమై కండలు ఉబ్బుతాయి; చూపులకు మల్లుని వలె ఉన్న రోగికి అందుకు తగిన బలం ఉండదు. మెదడులోని కోశాలు మూర్ఛకు కారణమవుతాయి. భారతదేశంలో పనిచేసి స్వదేశం చేరిన బ్రిటిష్ సైనికులలో అనేకులకు ఏండ్ల తరువాత మూర్ఛలు వచ్చాయి. అటువంటి 450 మంది రోగుల వివరాలను డిక్సన్, లిప్స్‌కూంబ్ 1961లో ప్రకటించారు.

మత నియమానుసారం పందిమాంసం తినని న్యూయార్క్ యూదు కుటుంబాలలోనూ ఈ వ్యాధి కనిపించినట్లు 1992లో వైద్యులు ప్రకటించారు. బద్దెపురుగు గల వంటమనుషుల చేతుల నుండి గుడ్లు ఆహారంలో చేరి ఉంటాయని వారు భావించారు. ఆ చేతులది తప్పు కాదు. పరీక్ష, చికిత్స అందకపోవడమే లోపం.

ప్రాజిక్వాంటెల్, ఆల్బెండజోల్ అనే ఔషధాలు ఉన్నవి. అయితే కోశం మరణించినప్పుడు చుట్టూ వాపు కలుగుతుంది గనుక, కన్నును, మెదడును పరీక్షించిన పిదప వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి.

మరుగుదొడ్డి, సబ్బు, శుభ్రమైన నీరు, కడిగిన కూరగాయలు — ఇవే మన రక్షణ. మనం ఏమి తింటున్నామన్నది మాత్రమే కాదు, ఏ నీటితో కడిగి, ఏ చేతితో తింటున్నామన్నది కూడ విద్యార్థులు ఆలోచించాలి.