దున్నదూడ దండుగా? - పాడి కుటుంబానికి ఒక లెక్క

(సభ్యుల శిక్షణ పాఠం)
రచన: ఒక సహకార ఇన్‌స్పెక్టరు, డి.సి.



గేదె ఈనినప్పుడు ఇంటిల్లిపాది మొదట అడిగే ప్రశ్న "పెయ్యా? దున్నా?" అని. పెయ్య అంటే సంతోషం. దున్న అంటే మౌనం. పెయ్యకు ఒక చన్ను పాలు వదులుతారు. దున్నదూడను చేపుకోసం ఒక్క నిమిషం వదిలి, లాగి గుంజకు కడతారు. అది నెలా రెండు నెలల్లో ఎండి, డొక్కలు అంటుకుపోయి, ఒకనాటి తెల్లవారు జామున పోతుంది. దీనిని "రోగం వచ్చి పోయింది" అని చెప్పుకుంటాము. నిజానికి చాలాసార్లు అది ఆకలి, నట్టలు కలిసి చేసిన చావు.

ఈ పాఠంలో జాలిని గురించి చెప్పబోవటం లేదు. జాలి ఎవరికి వారికి ఉండవలసినదే. ఇక్కడ లెక్క మాత్రమే చూద్దాం.

పూర్వం ఎందుకు అక్కర ఉండేది

ఒకప్పుడు మగదూడకు ఇంట పని ఉండేది. కోడెదూడ ఎద్దయ్యేది, దున్న బురద మడిలో దమ్ము చేసేది, బండి లాగేది. ట్రాక్టరు వచ్చిన తరువాత ఆ పని పోయింది. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 62 లక్షలు, తెలంగాణలో సుమారు 42 లక్షల గేదె జాతి పశువులు ఉన్నవి. ఇందులో హెచ్చుభాగం రెండు మూడు గేదెలున్న చిన్న కుటుంబాలవే. ప్రతి రెండు ఈతలలో ఇంచుమించు ఒకటి దున్నదూడే. అంటే ఈ ప్రశ్న ప్రతి ఇంటిదీను.

పాల లెక్క

మీ ఊరి ధరలు వేసుకొని ఈ లెక్కను మీరే కట్టుకొనవలెను. ఉదాహరణకు లీటరు పాలు 50 రూపాయలు, కిలో దూడదాణా 35 రూపాయలు అనుకుందాం.

ముర్రాజాతి దూడ పుట్టినప్పుడు సుమారు 30 కిలోలు తూగుతుంది. బరువులో పదోవంతు పాలు దానికి కావలెను. మొదటి నెల రోజుకు 3 లీటర్ల చొప్పున 90 లీటర్లు. రెండవ నెల దాణా అలవాటయిన కొద్దీ 2 లీటర్ల చొప్పున 60. మూడవ నెల 1 లీటరు చొప్పున 30. మొత్తం 180 లీటర్లు. ఇందులో మొదటి అయిదు రోజులవి జున్నుపాలు. అవి ఎలాగూ సంఘంలో పోయటానికి పనికిరావు గనుక 15 లీటర్లు తీసివేయండి. మిగిలినది 165 లీటర్లు, 8,250 రూపాయలు. దాణా 40 కిలోలు, 1,400 రూపాయలు. వెరసి 9,650.

"ఇంత ఖర్చా!" అని కొందరు ఇక్కడే పుస్తకం మూసివేస్తారు. రెండవ పుట కూడా చూడవలెను.

దూడ చచ్చిన గేదె తరచుగా సరిగా చేపదు. పొదుగులో పాలు నిలిచిపోతాయి. నిలిచినకొద్దీ పాల ఉత్పత్తి తగ్గి, గేదె ముందుగా వట్టిపోతుంది. రోజుకు 5 లీటర్లిచ్చే గేదె 45 రోజులు ముందుగా వట్టిపోయిందనుకుందాం. పోయినవి 225 లీటర్లు, 11,250 రూపాయలు. దూడకు పెట్టిన ఖర్చుకన్న ఇదే ఎక్కువ. దూడను అమ్మగా వచ్చే సొమ్ము ఈ లెక్కలో ఇంకా చేరలేదు.

అన్ని గేదెలూ ఒక తీరుగా ఉండవు. పుట్టిన వెంటనే దూడను వేరుచేసి, దూడ లేకుండానే పాలిచ్చేటట్లు గేదెను అలవాటు చేసే పద్ధతి పెద్ద ఫారాలలో ఉన్నది. మన ఇళ్లలో ఆ అలవాటు లేదు. కాబట్టి మీ పాలపుస్తకాలు రెండు తీయండి. దూడ బ్రతికిన ఈతలో ఎన్ని రోజులు పాలు పోశారు, దూడ పోయిన ఈతలో ఎన్ని రోజులు పోశారు, పక్కపక్కన పెట్టి చూచుకొనండి. నా లెక్క మీద నమ్మకం లేకపోయినా మీ పుస్తకం మీద ఉండాలి గదా.

చేపు సూది

దూడ పోయిన గేదెకు ఆక్సిటోసిన్ సూది పొడిచి పాలు పిండే అలవాటు కొన్ని చోట్ల ఉన్నది. పశువు ఆరోగ్యానికి హాని చేసే సూదిని పాలకోసం వేయటం 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం కింద నేరం. అంతకన్న ముఖ్యం, సూదికి అలవాటుపడిన గేదె సూది లేనిదే చేపదు. అటువంటి గేదెను సంతలో ఎవరూ మంచి ధరకు కొనరు.

దూడను బ్రతికించే పని

1. పుట్టిన గంట, రెండు గంటలలోపు జున్నుపాలు తాగించవలెను. మాయ పడేదాకా ఆగరాదు. రోగాలను తట్టుకొనే శక్తి ఆ పాలలోనే ఉన్నది. ఆలస్యమైన కొద్దీ దూడ దానిని గ్రహించలేదు.

2. బొడ్డును శుభ్రమైన బ్లేడుతో కోసి టింక్చర్ అయోడిన్ అద్దవలెను.

3. గేదె దూడలకు ఏలికపాములు తల్లిపాల ద్వారానే సంక్రమిస్తాయి. అందుచేత 10వ రోజు ప్రాంతంలోనే పశువైద్యుని అడిగి నట్టల మందు పోయించవలెను. నెలలు నిండాక చూద్దామంటే అప్పటికి దూడ ఉండదు.

4. రెండవ వారం నుండి గుప్పెడు దూడదాణా, లేత పచ్చిగడ్డి, మంచినీరు అందుబాటులో పెట్టవలెను.

5. గాలికుంటు, గొంతువాపు టీకాలు పెయ్యకు, దున్నకు కూడా వేయించవలెను. రోగం మగ ఆడ చూడదు. బ్రూసెల్లా టీకా మాత్రం 4 నుండి 8 నెలల పెయ్యలకే వేస్తారు.

మూడు నెలల తరువాత

మూడవ నెల నిండేసరికి ఒక నిర్ణయానికి రావలెను. గట్టున గడ్డి, ఇంట వరిగడ్డి, చూచుకొనే మనిషి ఉన్న కుటుంబం దున్నను ఏడాది దాటే వరకు పెంచవచ్చును. మంచి మేతతో దూడ రోజుకు 400, 500 గ్రాములు బరువు పెరుగుతుంది. మేతంతా కొని పెంచేవారికి లాభం మిగలదు. వారు పెంచుకొనేవారికి అమ్మివేయటమే మంచిది. ఆరు నెలలు దాటిన పశువుకు ఎండుగడ్డిని మాగబెట్టి పెట్టవచ్చును. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి చల్లి, గాలి చొరకుండా 21 రోజులు కప్పి ఉంచవలెను. యూరియాను విడిగా గాని, నీటిలో గాని పశువుకు అందనీయరాదు. అది విషం.

మేలైన తల్లికి పుట్టిన దున్న అయితే, పాల దిగుబడి రాసిన కాగితంతో పశుసంవర్థక శాఖ వారికి చూపించండి. ఊరికి మంచి విత్తనపు దున్న కావచ్చును.

మాంసం సంగతి

దీనిని గూర్చి సభ్యులు పైకి మాట్లాడరు, కాని పెంచిన దున్నలలోను, వట్టిపోయి ఇక చూడి నిలవని గేదెలలోను చాలా భాగం చివరకు వెళ్లేది అక్కడికే. మన దేశం గేదె మాంసం ఎగుమతిలో ప్రపంచంలో ముందు వరుసలో ఉన్నది. ఆవు మాంసం ఎగుమతికి అనుమతి లేదు. 1977 నాటి చట్టం ప్రకారం మన రాష్ట్రాలలో ఆవును, ఆవుదూడను వధించరాదు. ఇతర పశువులకు కూడా అధికారి ధృవపత్రం ఉండవలెను. అమ్మటం ఇష్టం లేని ఇంటిని ఎవరూ బలవంతపెట్టరాదు. అమ్మిన ఇంటిని ఎవరూ తప్పుపట్టరాదు. ఇద్దరూ ఒకే సంఘ సభ్యులు. ఆకలితో దూడను చంపుకొనటం మాత్రం ఏ నమ్మకం వారికీ తగని పని, ఏ లెక్కలోను లాభం కాని పని.

నిలకడైన పాడి

నెమరువేసే పశువు మీథేన్ అనే వాయువును వదులుతుంది. వాతావరణం వేడెక్కటానికి అది ఒక కారణం. ఉత్త గడ్డితో ఈడ్చుకొచ్చే గేదె తక్కువ పాలిచ్చినా వాయువును మాత్రం మానదు. నాలుగున్నరేళ్లకు గాని ఈనని పడ్డ అన్నాళ్లూ మేత తినటమే గాని ఇచ్చేదేమీ లేదు. దూడగా ఉన్నప్పుడు కడుపునిండా పెట్టి, ఖనిజ మిశ్రమం ఇచ్చి పెంచితే మూడు, మూడున్నరేళ్లకే ఈనుతుంది. అంటే మేత మిగిలింది, వాయువూ తగ్గింది. ఎక్కువ పశువులకన్న మేలుగా పెరిగిన తక్కువ పశువులే కుటుంబానికి, భూమికి కూడా మంచివి.

ఇప్పుడు ఆడదూడలే ఎక్కువగా పుట్టే వీర్యం కూడా వచ్చినది. దానితో పుట్టే దూడలలో నూటికి 90 వరకు పెయ్యలే. రేటు ఎక్కువ. అందుచేత ఆరోగ్యంగా ఉండి, వేళకు ఎదకు వచ్చే గేదెకే వేయించటం తెలివి.

సంఘం చేయవలసినది

కార్యదర్శులు ఈ నెల నుండి ఒక దూడల రిజిస్టరు తెరవవలెను. ఈనిన తేదీ, పెయ్య లేక దున్న, నట్టల మందు పోసిన తేదీ, టీకాలు, మూడవ నెలలో దూడ ఉన్నదా లేదా అనే అయిదు గడులు చాలును. నట్టల మందును సంఘం టోకున తెచ్చి పాలు పోసే వేళ ఇవ్వవచ్చును. వచ్చే సర్వసభ్య సమావేశంలో పాల లెక్కతో పాటు ఈ లెక్కను కూడా చదివి వినిపించండి. పోసిన పాలను గ్రాములతో సహా రాసుకొనే సంఘానికి, పోయిన దూడలు ఎన్నో కూడా తెలిసి ఉండవలెను.