చేతిలోని కంట్రోలర్‌ను మరచిపోతేనే ఆటలో లీనం

వీడియో గేమ్ ఆడేటప్పుడు కొందరు పరిసరాలనే మరచిపోతారు. ఇందుకు దృశ్యాల నాణ్యత ఒక్కటే చాలదు. నైపుణ్యం, నియంత్రణ పద్ధతి కూడా ముఖ్యమే. కొత్తగా ఆడేవారి దృష్టంతా ఏ బటన్ నొక్కాలన్న దానిపైనే ఉంటుంది. సాధనతో వేళ్లు వాటంతటవే కదులుతాయి, మనసు ఆటపై నిలుస్తుంది.

2006లో విడుదలైన నింటెండో వీ రిమోట్‌లో త్వరణాన్ని కొలిచే సెన్సర్ ఉంది. టెన్నిస్ ఆటలో దాన్ని రాకెట్‌లా ఊపితే చాలు, కొత్తవారికీ ఆట పట్టుబడుతుంది. బటన్లకు అలవాటుపడిన నిపుణులకు మాత్రం అదే అడ్డుగా తోచవచ్చు.

సవాలు నైపుణ్యాన్ని మించితే ఆందోళన, తగ్గితే విసుగు కలుగుతుందని మనస్తత్వవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ వివరించారు. కాబట్టి అందరికీ సరిపోయే నియంత్రణ పద్ధతి ఒకటంటూ ఉండదు. ఆడేవారి నైపుణ్యాన్ని బట్టే అది మారుతుంది.