నువ్వు అందుకుంటేనే పాట

చెల్లీ, మా పాటల గ్రూపులోకి రమ్మని ఎవరిని పిలిచినా మొదట వినిపించేది ఒకటే జవాబు: "నా గొంతు బాగుండదక్కా." కాలేజీ పిల్లలు ఆ మాటే అంటారు, ఉద్యోగాలు చేసే కోడళ్లూ అదే అంటారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బతుకమ్మ ఆడిన అమ్మలు కూడా ఈ మధ్య అనడం మొదలుపెట్టారు. నాకు దిగులు కలిగించేది అదే. టీవీలో పాటల పోటీలు చూసీ చూసీ, పాడటమంటే ఎదురుగా ఒకరు కూర్చుని మార్కులు వేయాల్సిన పని అని మనందరి మనసుల్లో పడిపోయింది. మన ఊరి పాటలకు ఆ లెక్కే లేదు. వాటికి వినేవాళ్లంటూ వేరే ఉండరు. అక్కడున్న ఆడవాళ్లంతా పాటలో ఉన్నవాళ్లే.

బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు ఏం జరుగుతుందో ఒక్కసారి గుర్తు చేసుకో. ఒకామె సగం చరణం చెప్పి ఆపుతుంది. మిగతావాళ్లంతా ఉయ్యాలో అనో, చందమామ అనో, కోల్ అనో అందుకుంటారు. మళ్లీ ఆమె మిగతా సగం చెప్తుంది. మనం అందుకునే ఆ కాస్త సేపట్లోనే ఆమెకు ఊపిరి తిరుగుతుంది, తర్వాతి మాట నోటికొస్తుంది. అరగంట సాగే కథాగేయాన్ని ఒక ముసలమ్మ కాగితం చూడకుండా ఎలా చెప్పగలుగుతోందని ఆశ్చర్యపోతాం కదా, ఆమె వెనకాల ముప్పై మంది వంత ఉంది మరి! ఆ వంత పలచబడితే ఆమె తడబడుతుంది. నాలుగు చరణాలు వదిలేసి ముగించేస్తుంది. ఆ వదిలేసిన నాలుగూ మరుసటి ఏడాదికి ఎవరికీ గుర్తుండవు. అందుకే అంటున్నా, నీ గొంతు ఎలా ఉందని కాదు, నువ్వు అందుకున్నావా లేదా అన్నదే పాటకు కావాలి.

మాది హనుమకొండ. ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి దగ్గరికీ, సద్దుల నాడు పద్మాక్షి గుట్ట కిందికీ వచ్చే జనాన్ని నువ్వు చూసే ఉంటావు. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయ్యాక ఆ సందడి ఇంకా పెరిగింది. సంతోషమే. కానీ ఆ సందడిలో పాట చెప్పే ఆడమనిషి గొంతు ఎక్కడుంది? నిలువెత్తు స్పీకర్లు పెడతారు, రికార్డు పాట మోగుతుంది, మనం చప్పట్లు కొడుతూ తిరుగుతాం. కొత్త పాటలు నాకూ ఇష్టమే, కొన్ని చాలా బాగుంటాయి. అయితే ఆ మోతలో పక్కనున్న పెద్దమ్మ నోరు తెరిచి చెప్పడానికి సందు దొరకదు. ఐదు నిమిషాలకు పాట అయిపోతుంది, ఇంకొకటి మొదలవుతుంది. ధర్మాంగద మహారాజు, సత్యవతీదేవి నూరుగురు కొడుకులను పోగొట్టుకుని, లక్ష్మిని బిడ్డగా పొంది, బతుకమ్మా అని పేరు పెట్టుకున్న కథ పూర్తిగా చెప్పాలంటే ఐదు నిమిషాలు ఏ మూలకు? మా కాలనీ ఆడవాళ్లం గుంపుగా కూడటం మొదలుపెట్టింది ఈ బాధతోనే. పండుగ తొమ్మిది రోజుల్లో నేర్చుకోవడం కుదరదు, ఏడాది పొడవునా పాడుకుంటూ ఉండాలని అనుకున్నాం.

ఆదివారం మధ్యాహ్నం, వంటిల్లు సర్దుకున్నాక, కమ్యూనిటీ హాల్లో చాపలు వేసుకుని కూర్చుంటాం. మైకు ఉండదు. హార్మోనియం కూడా వద్దనుకున్నాం. దానికి కారణం ఉంది. హార్మోనియం ముందు పెట్టగానే ఒక శ్రుతి ఖాయమైపోతుంది, పెద్దావిడలు దానికి తమ గొంతు లాక్కోవాల్సి వస్తుంది. మా దగ్గర చెప్పే ఆమె ఎక్కడ ఎత్తుకుంటే అదే శ్రుతి. తక్కువలో ఎత్తుకుంటే మనమూ తక్కువలోనే. చిన్నపిల్లలకు అది కాస్త కష్టం, అయినా అలవాటైపోతుంది.

మా పాటలకు ఒక క్రమమంటూ ఏర్పడింది, అది మేం పెట్టింది కాదు, నెలలు పెట్టిందే. భాద్రపదంలో ఆడపిల్లల బొడ్డెమ్మ పాటలు. అమావాస్య రాగానే బతుకమ్మవి. మాఘంలో పెళ్లిళ్లు మొదలయ్యే సరికి నలుగు పాటలు, అప్పగింతల పాటలు. వానలు పడ్డాక నాటు పాటలు. అప్పగింతల పాటలు పాడే ఆదివారం ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు, బిడ్డను అత్తగారింటికి పంపినవాళ్లు సగం మంది ఉంటారు కదా.

ఇసుర్రాయి పాటల సంగతి నీకు తప్పకుండా చెప్పాలి. మా గ్రూపులో అందరికన్నా పెద్ద అవ్వను అడిగాం, "ఇసుర్రాయి పాటొకటి చెప్పవా అవ్వా" అని. "యాదికి లేదు బిడ్డా, ఎప్పుడో ఇడిచిపెట్టినం" అంది. ఎంత బతిమాలినా రెండు ముక్కలకు మించి రాలేదు. ఆమెను ఇబ్బంది పెట్టకూడదని మేమూ ఊరుకున్నాం. తర్వాత ఒకామె పుట్టింటి నుంచి పాత ఇసుర్రాయి మోయించుకొచ్చి హాల్లో పెట్టింది. గుప్పెడు జొన్నలు పోశాం. అవ్వ ఒక పక్క, ఆమె మనవరాలు ఎదురుగా కూర్చుని పిడి పట్టుకున్నారు. రాయి తిరగడం మొదలైంది. నాలుగైదు సుట్లు తిరిగిందో లేదో, అవ్వ నోట పాట వచ్చేసింది. ఆగకుండా, వెతుక్కోకుండా, వరుసగా వచ్చింది. రాయి ఒక చుట్టు తిరిగే సరికి పాట ఒక పాదం తిరుగుతోంది. పిడి ఎదురు మనిషి వైపు వెళ్లినప్పుడు వంత, తన వైపు వచ్చినప్పుడు మాట. ఉత్తగా కూర్చోబెట్టి అడిగితే రానిది చెయ్యి కదలగానే వచ్చింది. మేమందరం వంత అందుకున్నాం, కళ్లు తుడుచుకుంటూనే. రికార్డు చేయాలన్న ధ్యాస కూడా ఎవరికీ లేదు. మరుసటి వారం మళ్లీ రాయి తిప్పించి, అప్పుడు రాసుకున్నాం.

ఆ తర్వాత నుంచి పని పాటలన్నీ పని చేస్తున్నట్టుగానే పాడుతున్నాం. నాటు పాటకు లేచి, నడుం వంచి, చేత్తో నారు గుచ్చినట్టు చేస్తూ పాడి చూడు. వంగినప్పుడు పొట్ట నొక్కుకుని ఊపిరి పొడుగ్గా రాదు. ఆ పాటల్లో పాదాలు పొట్టిగా ఎందుకున్నాయో నీ ఒళ్లే నీకు చెప్తుంది. రోకటి పాటలో ఊనిక ఎక్కడ పడాలో రోకలి చెప్తుంది. యూట్యూబ్‌లో విని నేర్చుకున్న పిల్లలకు ఈ సంగతి ఒక్క పూటలో అర్థమైపోయింది.

కాకినాడ నుంచి వచ్చిన ఒక కోడలు పిల్ల ఉంది మా దగ్గర. మొదట్లో "మా వైపు బతుకమ్మ లేదండీ, నాకేం వచ్చని" అని వెనకాల కూర్చునేది. మెల్లగా అడిగితే వాళ్ల అమ్మమ్మ పాడిన ఊర్మిళాదేవి నిద్ర బయటపెట్టింది. లక్ష్మణుడు అన్నతో అడవికి పోతే ఊర్మిళ పద్నాలుగేళ్లు నిద్రపోవడం, తిరిగొచ్చాక సీతమ్మే పూనుకుని రాముడితో చెప్పి మరిదిని ఆమె దగ్గరికి పంపించడం, లేపిన మనిషి ఎవరో పరాయివాడనుకుని ఊర్మిళ గట్టిగా నిలదీయడం. చెల్లీ, ఆ పాట విన్నాక మా వాళ్లు ఇంటికి వెళ్లకుండా చీకటి పడేదాకా మాట్లాడుకున్నారు. ఎదురుచూసిన ఆడదాని గురించి అంత శ్రద్ధగా ఆలోచించింది మన అమ్మమ్మలే. ఇలాంటి రామాయణపు పాటల మీద వెల్చేరు నారాయణరావు గారు రాసిన ఇంగ్లీషు వ్యాసం 1991లో వచ్చింది, దేశదేశాల్లో చదువుకునేవాళ్లు దాన్ని చదువుతున్నారు. ఆ పాటలు మాత్రం మధ్యాహ్నాల్లో, మగవాళ్లు ఇంట లేని వేళ, లోపలి గదుల్లో పాడుకున్నవి. ఇప్పుడు ఆ కోడలు పిల్ల బతుకమ్మ పాటకు వంత పాడుతుంది, మా వాళ్లు ఊర్మిళను పాడుతున్నారు.

ఒక మాట మనసు విప్పి చెప్తాను. మా గ్రూపులో పాటలు బాగా వచ్చినవాళ్లలో భర్త పోయినవాళ్లు ఎక్కువ. వయసు అలాంటిది మరి. పసుపు కుంకుమ పంచుకునే చోట వాళ్లు తమంతట తామే పక్కకు జరుగుతారు, జరగనవసరం లేదని చెప్పేవాళ్లు తక్కువ. అంటే, పాట ఎవరి దగ్గరుందో వాళ్లే వలయానికి బయట నిలబడుతున్నారన్నమాట! ఇది నాకు ఏ రకంగానూ ఒప్పుకోబుద్ధి కాదు. మా చాప మీద చెప్పే ఆమె మధ్యలో కూర్చుంటుంది, ఆమె నుదుట బొట్టుందా లేదా అని ఎవరూ చూడరు. పోయిన పండక్కి గుడి ముందర కూడా అలాగే చేశాం. ఇద్దరు పెద్దమ్మలను చేతులు పట్టుకుని తెచ్చి, "నువ్వు చెప్పు పెద్దమ్మా, మేం అందుకుంటం" అన్నాం. ఒకరిద్దరు మొహం చిట్లించారు. పాట మొదలయ్యాక వాళ్లూ అందుకున్నారు. నీ చుట్టూ అలా పక్కకు జరిగిన పెద్దమ్మలు ఉంటే, గ్రూపు పెట్టడానికి ఆ ఒక్క కారణం చాలదూ?

ఇక పాఠాల గొడవ. ఒకే పాట, ధర్మసాగరం వైపు ఒక తీరు, జనగామ వైపు ఇంకో తీరు. "మీరు తప్పు పాడుతున్నరు" అంటే "మీదే తప్పు" అని మాట పెరుగుతుంది. మేం పెట్టుకున్న కట్టుబాటు ఏమంటే, ఎవరు చెప్తుంటే వాళ్ల తీరే ఆ పూటకు సరైనది. నోటుపుస్తకంలో రెండూ రాస్తాం, పక్కన చెప్పినామె పేరు, ఊరు, ఆమె ఎవరి దగ్గర నేర్చుకుందో కూడా. ఆమె అన్న మాటను మనం చదువుకున్న భాషలోకి దిద్దకూడదు. "సుట్టు" అంటే "సుట్టు" అనే రాయాలి. అర్థం కాని మాట ఉంటే అడగాలి. ఆమెకూ తెలియకపోతే ఉన్నదున్నట్టు ఉంచేయాలి.

ఈ రాసుకునే పని మన పెద్దలు ఎంత ఓర్పుతో చేశారో తలుచుకుంటే దండం పెట్టబుద్ధవుతుంది. బిరుదురాజు రామరాజు గారు మా పక్క దేవనూరులో పుట్టినవారే. జానపద గేయాల మీద ఉస్మానియాలో పరిశోధన చేశారు, అది 1958లో తెలుగు జానపద గేయ సాహిత్యము అనే పుస్తకంగా వచ్చింది. వింజమూరి సీత, అనసూయ అక్కచెల్లెళ్లు పల్లె పాటలను మద్రాసు రేడియోకూ, కచేరీ వేదికలకూ తీసుకెళ్లారు. ఇంట్లో అక్కతోనో చెల్లితోనో గొంతు కలిపే ఆడపిల్లలకు వాళ్ల పేర్లు తెలిసి ఉండాలని నాకు ఆశ. తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం మా వరంగల్లులోనే ఉంది, పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకెళ్లు. అయితే పుస్తకంలో ఉన్న పాటకు వరస ఎవరో ఒకరి నోట్లో ఉండాలి. అది పోతే పుస్తకం చేతిలో పెట్టుకుని కూడా మనం పాడలేం.

ఫోన్లో రికార్డు చేయడం మంచిదే. చెప్పే ఆమెను అడక్కుండా మాత్రం ఎక్కడా పెట్టొద్దు. "నలుగురిలో పెట్టనా అవ్వా" అని ముందు అడుగు, వద్దంటే మన దగ్గరే ఉంచుకో. పెడితే ఆమె పేరు, ఊరు వేయి. ఎవరి పాటో తెలియకుండా తిరిగే వీడియోలు చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది.

డాలస్‌లో ఉన్న మా చిన్నమ్మ కూతురు వీడియో కాల్లో మాతో పాడతానంది. ప్రయత్నించాం, కుదరలేదు. మనం చెప్పింది అక్కడికి చేరి, ఆమె వంత ఇక్కడికి వచ్చే సరికి తర్వాతి చరణం సగమైపోతుంది. మొదట ఉసూరుమంది కానీ, తర్వాత అక్కడే నలుగురు తెలుగు ఆడవాళ్లను కూడగట్టింది. ఇప్పుడు మేం పాట పంపుతాం, వాళ్లు పక్కపక్కన కూర్చుని పాడుకుంటారు. తంగేడు, గునుగు దొరక్కపోయినా అక్కడి పూలతోనే పేరుస్తున్నారు.

నువ్వెలా మొదలుపెట్టాలంటావా? మీ దగ్గర గ్రూపు ఉంటే వెళ్లి వెనక వరసలో కూర్చో. కొన్ని వారాలు వంత మాత్రమే పాడు. చరణం బట్టీ పట్టాలని హడావుడి పడకు, వినగా వినగా అదే వస్తుంది. పిల్లను వెంట తీసుకెళ్లు, అల్లరి చేసినా ఎవరూ ఏమీ అనరు. ఇంట్లో "ఈ వయసులో పాటలేంటి" అంటారు కొందరు, వాళ్ల అమ్మ పాడిన పాటొకటి నేర్చుకుని వచ్చి పాడి వినిపించు. గ్రూపు లేకపోతే ముగ్గురు చాలు. ఒకరు చెప్పాలి, ఇద్దరు అందుకోవాలి. చెప్పేవాళ్లు ఎక్కడో లేరు. మీ అత్తమ్మనో, పక్కింటి అవ్వనో, కూరగాయలు అమ్మే పెద్దమ్మనో అడుగు, "నీ పెండ్లికి ఏం పాటలు పాడిన్రు" అని. దసరా దాకా ఆగొద్దు, ఈ వారమే అడుగు. ఆమె మొదటి మాట అనగానే అందుకో.