వెనక నిలబడే ఆటగాడు

సాయంకాలం అయింది. ఎలమంచిలిలో బడి పక్క ఖాళీ స్థలంలో పిల్లలు బంతాట ఆడుతున్నారు. చేత్తో కాదు, కాలితో. ఒకవైపు రెండు రాళ్లు పెట్టారు. ఇంకోవైపు చెప్పులు కుప్ప పోశారు. అవే వాళ్లకి గోలు హద్దులు.

ఒక మామ్మ మనవడిని ఇంటికి తీసుకుపోదామని వచ్చింది. పిల్లలందరూ బంతి వెనక పరుగులు పెడుతున్నారు. మనవడు మాత్రం చెప్పుల కుప్ప ముందే నిలబడ్డాడు. బంతి తన వైపు వస్తే గట్టిగా తన్ని పంపేస్తున్నాడు. మళ్లీ అక్కడికే వచ్చి నిలబడుతున్నాడు.

"ఏట్రా, నువ్వొక్కడివీ ఎనకే ఉండిపోనావు? ఆళ్లు నిన్ను ఆడనివ్వట్లేదా?"

"ఆడతన్నాను మామ్మా. నాను బ్యాక్‌ని."

"మరి నువ్వు గోలు ఎప్పుడేస్తావు?"

"నాను ఎయ్యను. ఎయ్యనివ్వను!"

మామ్మకి నవ్వొచ్చింది. కానీ కుర్రాడు చెప్పింది సరైన మాట.

ఈ ఆట పేరు ఫుట్‌బాల్. ఒక్కో జట్టులో 11 మంది ఉంటారు. ఆట 90 నిమిషాలు. మధ్యలో కాస్త విరామం ఇస్తారు. అవతలి వాళ్ల గోలులోకి బంతి పంపితే ఒక గోలు. ముందు వరసలో ఉన్నవాళ్లు గోలు వేయడానికి చూస్తారు. గోలు దగ్గర ఒకడు చేతులతో బంతిని ఆపుతాడు. అతను గోల్‌కీపరు. అతనికి కాస్త ముందు నిలబడి, అవతలి వాళ్లని రానివ్వకుండా అడ్డుకునేవాళ్లే బ్యాక్‌లు. వాళ్లనే డిఫెండర్లు అని కూడా అంటారు.

గోలు వేసినవాడి పేరు అందరికీ తెలుస్తుంది. వాడిని భుజాల మీద ఎత్తుకుంటారు. గోలు పడకుండా పదిసార్లు ఆపినవాడి పేరు ఎవరికీ పట్టదు. మన శారదా నది గట్టు లాంటిదే ఇది. గట్టు గట్టిగా ఉన్నన్నాళ్లూ దాని మాట ఎవరూ ఎత్తరు. ఒకచోట గండి పడిందా, ఊరంతా గట్టు గురించే మాట్లాడుతుంది.

అలా వెనక నిలబడి, తర్వాత తన దేశం జట్టు మొత్తానికే ఆట నేర్పినవాళ్లు కొందరున్నారు. అందరిలోకీ పేరున్నవాడు జర్మనీ దేశంలో పుట్టిన బెకెన్‌బాయర్. ఆయన పుట్టింది 1945లో. తండ్రి తపాలా శాఖలో ఉద్యోగి. బెకెన్‌బాయర్ డిఫెండరు. 1974లో ఆయన కెప్టెన్‌గా ఉండగా పశ్చిమ జర్మనీ జట్టు ప్రపంచ కప్పు గెలిచింది. 1990లో అదే జట్టుకి ఆయన ఆట నేర్పించారు. అప్పుడూ కప్పు గెలిచారు. 2024 జనవరిలో ఆయన చనిపోయినప్పుడు ప్రపంచమంతా పత్రికలు రాశాయి.

మరి మన వైపు అలాంటివాళ్లు లేరా? ఉన్నారు. ఆయన పేరు సయ్యద్ నయీముద్దీన్. ఊరు హైదరాబాదు. పుట్టింది 1944లో. బెకెన్‌బాయర్ కంటే ఒక్క ఏడాది పెద్ద. ఆయన కూడా డిఫెండరే. ఆయన కూడా దేశానికి కెప్టెన్. ఆయన కూడా తర్వాత దేశం జట్టుకి కోచ్ అయ్యారు. కోచ్ అంటే ఆట నేర్పే గురువు. ఎవరు ఆడాలి, ఎవరు ఎక్కడ నిలబడాలి అని నిర్ణయించేది కూడా కోచే.

హైదరాబాదులో ఆ రోజుల్లో ఫుట్‌బాల్‌కి మంచి పేరుండేది. పోలీసు శాఖకి ఒక జట్టు ఉండేది. దాని పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. రోవర్స్ కప్పు అని బొంబాయిలో పెద్ద పోటీ జరిగేది. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు ఈ పోలీసు జట్టే ఆ కప్పు గెలిచింది.

ఆ జట్టుకి ఆట నేర్పిన మనిషి గురించి ఇక్కడ కాస్త ఆగి చెప్పుకోవాలి. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదులోనే 1909లో పుట్టారు. వృత్తి బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. అందుకే ఆటగాళ్లందరూ ఆయన్ని 'రహీం సాబ్' అని గౌరవంగా పిలిచేవారు. భారత జట్టుకి కూడా ఆయనే కోచ్.

రహీం అన్నిసార్లూ గెలవలేదు. 1952లో ఫిన్లాండు దేశంలో ఒలింపిక్ పోటీలు జరిగాయి. అక్కడ చలి ఎక్కువ. మనవాళ్లలో చాలామందికి బూట్లు వేసుకుని ఆడే అలవాటు లేదు. వట్టి కాళ్లతోనే ఆడారు. యుగోస్లావియా దేశం మీద 10-1 తేడాతో ఓడిపోయారు. అంటే వాళ్లు పది గోలులు వేస్తే మనం ఒక్కటి వేశాం. అంత ఓటమి తర్వాత మన ఆటగాళ్లు బూట్లు వేసుకోవడం మొదలుపెట్టారు. నాలుగేళ్లు తిరిగాయి. 1956 ఒలింపిక్స్‌లో అదే భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

1962లో ఆసియా క్రీడలు ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగాయి. అప్పటికే రహీంకి కాన్సర్ జబ్బు. అయినా జట్టుతో వెళ్లారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. ఇంకో ఆటలో జర్నైల్ సింగ్ అనే డిఫెండరుకి తల పగిలింది. కుట్లు పడ్డాయి. ఇంకెవరైనా అయితే అతన్ని కూర్చోబెట్టేవారు. రహీం అలా చేయలేదు. వెనక ఉండేవాడిని తీసుకొచ్చి ముందు వరసలో నిలబెట్టారు. కట్టు కట్టుకున్న తలతోనే జర్నైల్ ఆడాడు.

చివరి ఆట మళ్లీ ఆ దక్షిణ కొరియాతోనే. మైదానంలో జనం మనకి వ్యతిరేకంగా కేకలు వేస్తున్నారు. మన దేశపు అధికారి ఒకరు అన్న మాట మీద వాళ్లకి కోపం. ఆ గోలలోనే మనవాళ్లు 2-1తో గెలిచారు. బంగారు పతకం వచ్చింది. ఆ రెండు గోలులలో ఒకటి కట్టు కట్టుకున్న జర్నైల్ సింగ్ వేసిందే. రహీం ఏడాది కూడా బతకలేదు. 1963 జూన్‌లో చనిపోయారు. ఆయన కథతో 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది.

రహీం పోయేనాటికి నయీముద్దీన్‌కి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఆయన కూడా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులోనే ఆడారు. ఆ తర్వాత కలకత్తా వెళ్లారు.

కలకత్తా ఎందుకు? ఫుట్‌బాల్ అంటే ఆ ఊరికి ప్రాణం. అక్కడ మూడు పెద్ద క్లబ్బులు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్. క్లబ్బు అంటే ఆటగాళ్లని పెట్టుకుని జట్టు నడిపే సంఘం. బాగా ఆడేవాడికి పేరు, డబ్బు, బతుకుతెరువు అక్కడే దొరికేవి. అందుకే హైదరాబాదు కుర్రాళ్లు ఎంతోమంది కలకత్తా దారి పట్టారు. హైదరాబాదు నుంచి విజయవాడ, రాజమండ్రి, తుని మీదుగా హౌరా పోయే రైలు దారి మన ఎలమంచిలి మీదుగానే పోతుంది. మనం గేటు దగ్గర ఆగి, వెళ్లిపోతున్న రైలుని చూస్తూ ఉంటాం. అందులో ఎవరు ఏ ఊరికి ఏ పని మీద పోతున్నారో మనకేం తెలుస్తుంది?

నయీముద్దీన్ ఆ మూడు క్లబ్బుల్లోనూ ఆడారు. ఒక క్లబ్బు వాళ్లకి ఇంకో క్లబ్బు అంటే పడని ఊరది. అలాంటి చోట మూడింటిలోనూ ఆడడం చిన్న విషయం కాదు.

1970లో థాయిలాండు దేశం బ్యాంకాక్ నగరంలో ఆసియా క్రీడలు జరిగాయి. భారత జట్టుకి నయీముద్దీన్ కెప్టెన్. మూడో స్థానం కోసం జపాన్‌తో ఆడాలి. మనవాళ్లు ఒకే ఒక్క గోలు వేశారు. జపాన్ వాళ్లని ఒక్కటి కూడా వేయనివ్వలేదు. 1-0తో గెలిచాం. కంచు పతకం వచ్చింది. ఒక్క గోలుతో గెలవాలంటే వెనక కాపలా ఎంత గట్టిగా ఉండాలో ఆలోచించండి. 1970 సంవత్సరానికి ప్రభుత్వం నయీముద్దీన్‌కి అర్జున అవార్డు ఇచ్చింది. బాగా ఆడేవాళ్లకి ఇచ్చే అవార్డు అది.

ఆ కంచు పతకం తర్వాత, 2023లో జరిగిన క్రీడల వరకు చూసినా, ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి ఇంకో పతకం రాలేదు.

ఆట మానేశాక నయీముద్దీన్ కోచ్ అయ్యారు. చాలా గట్టి మనిషని పేరు. క్రమశిక్షణ తప్పితే ఊరుకునేవారు కాదు. అది కష్టంగా తోచినవాళ్లూ ఉండే ఉంటారు. కానీ 1990లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకి ఆయన కోచ్‌గా ఉండగా, ఆ క్లబ్బు ఒకే ఏడాదిలో మూడు పెద్ద కప్పులు గెలిచింది. అదే ఏడాదికి ఆయనకి ద్రోణాచార్య అవార్డు వచ్చింది. ఆట నేర్పే గురువులకి ఇచ్చే అవార్డు ఇది. ఫుట్‌బాల్‌లో దాన్ని మొదట అందుకున్నది మన హైదరాబాదు మనిషే. మహాభారతంలో ద్రోణుడు, అర్జునుడు ఇద్దరు. ఇక్కడ రెండు పేర్లూ ఒక్క మనిషికే దక్కాయి.

భారత జట్టుకి కూడా ఆయన కోచ్‌గా పనిచేశారు. 1997లో నేపాల్ రాజధాని ఖాట్మండులో చుట్టుపక్కల దేశాల పోటీ జరిగింది. చివరి ఆటలో మనవాళ్లు మాల్దీవుల జట్టుని 5-1తో ఓడించారు. 2005 డిసెంబరులో అదే పోటీ పాకిస్తాన్‌లోని కరాచీలో జరిగింది. బంగ్లాదేశ్ మీద 2-0తో గెలిచి మళ్లీ కప్పు తెచ్చారు. రెండుసార్లూ కోచ్ నయీముద్దీనే.

అప్పుడు అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు రెండు నెలలే నిలిచింది.

2006 ఫిబ్రవరిలో ఆసియా కప్పులో చోటు కోసం పోటీలు మొదలయ్యాయి. మొదటి ఆట జపాన్‌లో, యొకోహామా నగరంలో. అవతలి జట్టు జపానే. మనవాళ్లు 6-0తో ఓడిపోయారు. వారం తిరిగేసరికి ఢిల్లీలో యెమెన్ దేశం మీద 3-0తో ఓడారు. ఆ ఏడాదే ఆయన స్థానంలో ఇంగ్లండు నుంచి బాబ్ హౌటన్ అనే కోచ్ వచ్చారు.

1970లో కెప్టెన్‌గా ఉండి జపాన్‌కి ఒక్క గోలు కూడా ఇవ్వని మనిషి. 36 ఏళ్ల తర్వాత పక్కన నిలబడి, అదే జపాన్ ఆరు గోలులు వేస్తుంటే చూడాల్సి వచ్చింది. ఆడేటప్పుడైతే తనే పరుగెత్తి అడ్డం పడొచ్చు. కోచ్‌గా ఉన్నవాడు గీత దాటి లోపలికి పోకూడదు. కేకలు వేయగలడు, అంతే.

తప్పు ఆయన ఒక్కడిదేనా? కొత్త కోచ్ వచ్చాక కూడా మిగిలిన నాలుగు ఆటలూ మన జట్టు ఓడిపోయింది. ఈలోగా జపాన్ ఏం చేసిందో చూడాలి. 1993లో జీతం తీసుకుని ఆడే ఆటగాళ్లతో పెద్ద లీగ్ పోటీ మొదలుపెట్టింది. 1998లో మొదటిసారి ప్రపంచ కప్పు ఆడింది. మనం మాత్రం 1962 పతకం, 1970 పతకం తలుచుకుంటూ ఉండిపోయాం. నాటిన మొక్కకి నీళ్లు పోసినవాళ్లకి కాయలు కాశాయి. అందులో వింతేముంది? కానీ ఓడిన రోజున జనం వేలు చూపించేది కోచ్ వైపే.

మామ్మ ఇదంతా విని ఒక మాట అడిగింది. "ఇదంతా మొగోళ్ల ఆటేనా?"

కాదు. 1980లో కేరళలోని కాలికట్‌లో ఆసియా దేశాల ఆడవాళ్ల పోటీ జరిగింది. మన జట్టు రెండో స్థానంలో నిలిచింది. 1983లో కూడా రెండో స్థానమే. గోవాకి చెందిన మైమోల్ రాకీ అనే ఆవిడ భారత ఆడవాళ్ల జట్టులో ఆడారు. 2017లో అదే జట్టుకి కోచ్ అయ్యారు. నిజామాబాదు జిల్లా గిరిజన తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య భారత జట్టులో ఆడింది. ఐరోపాలోని క్రొయేషియా దేశం వెళ్లి అక్కడి క్లబ్బుకి కూడా ఆడింది.

మామ్మ లేచింది. మైదానంలో చీకటి పడుతోంది. "రారా, అన్నం సల్లారిపోతంది" అని పిలిచింది. మనవడు కదల్లేదు. "ఇంకొక్క నిమిషం మామ్మా. ఆళ్లొత్తన్నారు!" అన్నాడు. అవతలి జట్టు పిల్లలు బంతి తన్నుకుంటూ చెప్పుల కుప్ప వైపు దూసుకొస్తున్నారు.

చదివి చెప్పండి:

బ్యాక్ పని ఏమిటి? మామ్మకి మనవడు ఏమని జవాబిచ్చాడు?

రహీం ఏ పని చేసేవారు? జర్నైల్ సింగ్‌ని ఆయన ఎక్కడ నిలబెట్టారు?

1970లో జపాన్ మీద ఎన్ని గోలులతో గెలిచాం? 2006లో ఎన్ని గోలులతో ఓడాం? రెండు అంకెలూ పలక మీద రాయండి.

మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరికీ కనపడకుండా జరిగే పని ఏది? ఎవరు చేస్తున్నారు? పక్కనున్న ఆమెతో మాట్లాడి, రెండు వాక్యాలు రాయండి.