తెలుగు మీడియం నుంచి స్పానిష్ దాకా



మేమిద్దరం ఈ హాస్టల్లోనే ట్రంకుపెట్టె, పళ్ళెం, గ్లాసుతో వచ్చి చేరి, పదో తరగతి దాకా చదివినవాళ్ళం. ఇంటర్మీడియట్‌లో ఇంగ్లీషు రాదన్న సిగ్గుతో వెనక బెంచీల్లో కూర్చున్నాము. తర్వాత కష్టపడి అది నేర్చుకుని, ఉద్యోగరీత్యా మెక్సికోలోని గ్వాదలహారా నగరం చేరాము. తీరా చూస్తే బస్సు డ్రైవరుకూ, కూరగాయలమ్మే అవ్వకూ ఇంగ్లీషు రాదు! అందరిదీ స్పానిష్. మళ్ళీ ఒకటో తరగతిలో చేరినట్లయింది మా పని. మేము ఆ భాష ఎలా నేర్చుకున్నామో మీకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాము.

స్పానిష్ నేడు 20 దేశాల్లో అధికార భాష. అది మెక్సికోకు 1519లో స్పెయిన్ సేనాని కోర్టెస్ దండయాత్రతో వచ్చింది. అయినా అక్కడి పాత భాషలు చావలేదు. వాటిలో ఒకటి నహువాత్ల్. మనం రోజూ అనే ‘టమాటా’ ఆ భాష నుంచి వచ్చిన మాటే.

నేర్చుకునేటప్పుడు మాకు మన తెలుగే సాయపడింది. ఎలాగంటే:

1. స్పానిష్ అచ్చులు అయిదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఇంగ్లీషులోలా ఒక్కోచోట ఒక్కోలా పలకవు. ట, డ ల బదులు త, ద లే పలుకుతారు.

2. ‘ఆబ్లో’ అంటే మాట్లాడతాను, ‘ఆబ్లాస్’ అంటే మాట్లాడతావు, ‘ఆబ్లామోస్’ అంటే మాట్లాడతాము. మనకులాగే క్రియ చివర చూస్తే చాలు, కర్త ఎవరో తెలిసిపోతుంది.

3. ‘మె గుస్తా’ అంటే ‘నాకు ఇష్టం’. మన వాక్యం లాగానే ఉంది కదా!

4. పెద్దవాళ్ళను ‘ఉస్తెద్’ (మీరు), స్నేహితులను ‘తూ’ (నువ్వు) అంటారు.

కష్టమైనవీ ఉన్నాయి. అక్కడ పుస్తకం పుంలింగం, బల్ల స్త్రీలింగం. వీటిని బట్టీ పట్టక తప్పలేదు.

పుస్తకంలో చదివింది ఒక ఎత్తయితే, బజారులో నేర్చింది ఒక ఎత్తు. ఒక ఆదివారం సాన్ హువాన్ దె దియోస్ మార్కెట్లో ఎండుమిరపకాయలు బేరమాడుతూ ‘బాగున్నాయి, కానీ ఖరీదు’ అనబోయాము. ‘కానీ’ అంటే ‘పెరో’. మేము రకారం ఒత్తి ‘పెఱ్ఱో’ అన్నాము. పెఱ్ఱో అంటే కుక్క! ‘ఖరీదైన కుక్క’ అన్నమాట. ఆ అవ్వ పడీపడీ నవ్వింది. తర్వాత ఆ మాట మాచేత పదిసార్లు పలికించి, గుప్పెడు మిరపకాయలు కొసరు వేసింది. సాధురేఫ, బండి ఱ తేడా తెలుగు వాచకంలో చదివి మరిచాము, అక్కడ గుర్తొచ్చింది. హోటల్లో భోంచేస్తుంటే ముక్కూమొహం తెలియనివారు కూడా ‘ప్రొవేచో’ అంటూ వెళ్తారు. తృప్తిగా తినండి అని దాని భావం. ఎవరో ఒకరు అలా పలకరిస్తే పరాయి ఊరు పరాయిగా అనిపించదు.

నవంబరు 1, 2 తేదీల్లో వారు చనిపోయిన పెద్దలను తలుచుకుంటారు. ఫోటోలు పెట్టి, వారికి ఇష్టమైనవి వండి, బంతిపూలు పరుస్తారు. మన పెత్రమాస గుర్తొచ్చింది. బంతి పువ్వు పుట్టిల్లు మెక్సికోనే! పక్కింటి పెద్దావిడ మీవాళ్ళ ఫోటో కూడా పెట్టండి అంది. మాలో ఒకరు చనిపోయిన నాన్న ఫోటో పెట్టారు. ఎవరని అక్కడివారు అడిగారు. ‘మి పపా. ఏరా కాంపెసీనో’ అని చెప్పారు. అక్కడ ‘ఏరా’ అంటే పిలుపు కాదు, ‘ఉండేవాడు’ అని అర్థం. ‘మా నాన్న. పొలం పనులు చేసుకునేవాడు’ అన్నమాట. మేము తడబడకుండా చెప్పిన మొదటి స్పానిష్ మాటలు అవే. ఇక్కడ కాలేజీలో ‘నాన్న ఏం చేస్తాడు’ అని అడిగితే తల దించుకున్నవాళ్ళం మేము. అక్కడ తలెత్తి చెప్పాము.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! తెలుగు మీడియం అని చిన్నబోకండి. రోజుకు అయిదు కొత్త మాటలు నోటుబుక్కులో రాసుకుని, వాటిని అదేరోజు ఎవరితోనైనా మాట్లాడండి. నవ్వితే నవ్వనివ్వండి. మమ్మల్ని చూసి నవ్విన ఆ అవ్వే మాకు మొదటి టీచరు.